చిడతల చప్పుడు పోకుండా

పాత రికార్డింగులను డిజిటల్ చేయడం నా వృత్తి. స్పూల్ టేపులు, క్యాసెట్లు, లక్క ప్లేట్లు నా బల్ల మీదికి వస్తాయి. వాటిలో హరికథలు, పద్యనాటకాలు, బుర్రకథలు, కచేరీలు ఉంటాయి. ఎవరి పెళ్లిలోనో ముత్తైదువలు పాడిన మంగళహారతులూ ఉంటాయి. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు మొదట అడిగేది ఒకటే: ఏ ఫార్మాట్లో దాచాలండీ అని. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఫ్లాక్. కారణం తెలుసుకోకుండా ఫ్లాక్ వాడి మంచి రికార్డింగుల్ని పాడుచేసుకున్నవాళ్లను చూశాను కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

ముందు లెక్క తెలియాలి. సీడీలో సెకనుకి 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానెళ్లు. నిమిషానికి పది మెగాబైట్లు దాటుతుంది. మేము దాచేది 96 కిలోహెర్ట్జ్, 24 బిట్. అంతర్జాతీయ సౌండ్ ఆర్కైవుల సంఘం ఐయాసా తన మార్గదర్శకాల్లో కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఉండాలంటుంది, 96 అయితే మరీ మంచిదంటుంది. ఆ లెక్కన స్టీరియో వేవ్ ఫైలు గంటకి రెండు గిగాబైట్లు పైచిలుకు. మామూలు వేవ్ ఫైలు తన సైజును 32 బిట్ల గడిలో రాసుకుంటుంది. అందుకని 4 గిగాబైట్లు దాటితే ఆ గడి చాలదు. 96/24 స్టీరియోలో అది రెండు గంటల నాలుగు నిమిషాల దగ్గర వస్తుంది. హరికథ అంత త్వరగా ముగియదు! దాసుగారు పిట్టకథలోకి దిగిన చోటే ఫైలు హద్దు దాటుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్కడ రెండో ఫైలు మొదలుపెడతాయి, కొన్ని ఆర్ఎఫ్64 అనే పెద్ద రకానికి మారతాయి, కొన్ని తప్పు సైజు రాసేసి ఊరుకుంటాయి. కొత్త సాఫ్ట్‌వేర్ చేతికి రాగానే మూడు గంటల నిశ్శబ్దం రికార్డు చేసి, ఏం చేస్తుందో చూసుకోండి. అసలు టేపు ఎక్కించాల్సింది ఆ తర్వాతే.

ఇంత పెద్ద ఫైళ్లు కాబట్టి కుదించాలి. "జిప్ చేసి పంపండి" అంటారు చాలామంది. వేవ్ ఫైలుని జిప్ చేస్తే పెద్దగా తగ్గదు. జిప్ వెతికేది మళ్లీ మళ్లీ అచ్చంగా అదే వరసలో వచ్చే బైట్లని. గొంతులో ఒకే స్వరం పదిసార్లు పలికినా ఆ అంకెలు పదిసార్లూ వేరుగానే ఉంటాయి. ఫ్లాక్ పద్ధతి ఇది కాదు. గడిచిన కొన్ని శాంపిళ్లను బట్టి వచ్చే శాంపిల్ ఎంత ఉంటుందో లెక్కగట్టి, నిజంగా వచ్చినదానికీ తన అంచనాకీ మధ్య తేడా మాత్రమే రాసుకుంటుంది. పక్కవాద్యంలో అనుభవమున్న మృదంగ విద్వాంసుడు గాయకుడి తర్వాతి అడుగుని ముందే పసిగట్టినట్టు. అంచనా బాగా కుదిరితే తేడాలు చిన్న అంకెలవుతాయి. చిన్న అంకెల్ని తక్కువ బిట్లలో రాసే కిటుకు రైస్ కోడింగ్. నాసా వారి జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో రాబర్ట్ రైస్ 1970లలో రూపొందించిన పద్ధతి అది. వ్యోమనౌకల నుంచి సమాచారం రప్పించుకోవడానికి పనికొచ్చిన లెక్క ఇవాళ మన హరికథల్ని కుదిస్తోంది. విప్పేటప్పుడు అదే అంచనా వేసి తేడా కలిపితే, ఒక్క బిట్ కూడా అటూ ఇటూ కాకుండా మొదటి అంకెలే వస్తాయి.

మా గురువుగారు ఈ మాట నమ్మలేదు. ఆయన రేడియోలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. టేపుని బ్లేడుతో కోసి అతికించి ఎడిట్ చేసిన తరం. హెడ్ తుడవడం, టేపు వాసన చూసి దాని ఆరోగ్యం చెప్పడం, అజిమత్, అంటే టేపుకి హెడ్ ఆనే కోణం, సరిచేయడం నాకు ఆయనే నేర్పారు. ఆయన దృష్టిలో కుదించడమంటే ఎంతో కొంత పారేయడమే. మాటలతో ఒప్పించలేనని తెలిసి ఒక పరీక్ష చేసి చూపించాను. ఒక హరికథ అసలు వేవ్ ఫైలుని ఒక ట్రాకులో పెట్టాను. ఫ్లాక్ చేసి మళ్లీ వేవ్‌గా విప్పినదాన్ని రెండో ట్రాకులో, పొలారిటీ తిరగేసి పెట్టాను. రెండూ కలిపి ప్లే చేశాను. ఒకటి ఎంత పైకి నెడితే రెండోది అంత కిందికి లాగుతుంది కాబట్టి, రెండూ అచ్చంగా ఒకటే అయితే ఏమీ వినబడకూడదు. వినబడలేదు. ఆయన ఫేడర్ పూర్తిగా పైకి తోశారు. హిస్ కూడా లేదు. మీటరు కదల్లేదు.

ఆ తర్వాత 128 కిలోబిట్ల ఎంపీ3తో అదే పరీక్ష చేశాను. ఈసారి స్పీకర్లలో చిడతలు వినబడ్డాయి. గజ్జెల చప్పుడు, సకారాల రాపిడి, గొంతు చుట్టూ ఉన్న గది గాలి, అన్నీ నీళ్లలోంచి వస్తున్నట్టు కలగాపులగంగా. ఎంపీ3 పారేసిన సరుకు అది. గురువుగారు చాలాసేపు విని, ఇక దాచే ప్రతిదీ ఫ్లాక్‌లోనే దాచమన్నారు. ఈ వృత్తిలో నాకు దక్కిన మొదటి విజయం అదేననుకుంటాను. ఈ పరీక్షని నల్ టెస్ట్ అంటారు. మీరూ ఒకసారి మీ చేత్తో చేయండి. ఒకసారి విన్నాక ఏ ఫార్మాట్ గురించీ ఇంకొకరి మాట మీద ఆధారపడాల్సిన అవసరం ఉండదు.

ఎంత తగ్గుతుందన్నది రికార్డింగుని బట్టి ఉంటుంది. ఇక్కడ కొత్తవాళ్లు గందరగోళపడతారు. స్టూడియోలో శుభ్రంగా చేసిన వీణ సగానికి దిగుతుంది. అదే పొడవున్న పాత లక్క ప్లేటు అంత దిగదు. ఆ గరగరకి ముందూ వెనకా పొంతన ఉండదు, అందుకని అంచనాకి దొరకదు. దొరకనిదాన్ని ఫ్లాక్ ఉన్నదున్నట్టు మోయాల్సిందే. 24 బిట్లలో అడుగు బిట్లన్నీ టేపు హిస్సూ కన్వర్టర్ రొదా కాబట్టి, 16 బిట్ల సీడీ తగ్గినంత శాతం 24 బిట్ల టేపు తగ్గదు. ఫైలు సైజు చూసి ఎన్‌కోడర్‌ని తిట్టుకోకండి. ఇందులో ఉపయోగం కూడా ఉంది. ఒకే ప్రోగ్రాం తాలూకు రెండు కాపీలు వచ్చినప్పుడు, ఒకే స్థాయిలో రికార్డు చేశాక ఏది ఎక్కువ తగ్గిందో చూస్తే, రొద దేనిలో తక్కువో చాలాసార్లు వినకముందే తెలుస్తుంది. అయితే పైస్థాయి స్వరాలు అరిగిపోయిన కాపీ కూడా బాగానే తగ్గుతుంది. కాబట్టి ఆఖరి తీర్పు చెవిదే.

లక్క ప్లేట్లు మోనోయే అయినా స్టీరియో పికప్‌తోనే ఎక్కిస్తాం. గాడికి రెండు గోడలుంటాయి, రెండూ ఒకేలా అరగవు. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యం ఉన్న ప్లేటుని ఏళ్ల తరబడి ఒక పక్కకి ఒరిగిన పాటపెట్టె మీద వాయించి ఉంటే ఒక గోడ గరుకుగా, ఒక గోడ నున్నగా మిగులుతుంది. రెండూ విడివిడిగా దాచి, నున్నదాన్ని తర్వాత ఎంచుకుంటాం. పిన్ను సంగతి కూడా చూసుకోండి. 78 ఆర్పీఎం లక్క ప్లేటుకి మూడు మిల్లుల (మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు) లావు పిన్ను కావాలి. ఎల్పీ పిన్ను పెడితే గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది. క్యాసెట్లకి అజిమత్ ముఖ్యం. రెండు ఛానెళ్లనూ మోనోగా కలిపి వింటూ, హెడ్ పక్కన ఉన్న స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ, చిడతలు ఎక్కడ స్పష్టంగా మోగితే అక్కడ ఆపండి. ఈ పని ప్రతి క్యాసెట్‌కీ చేయాలి. దీన్ని వదిలేసి పైన ఎంత మంచి ఫార్మాట్ వాడినా మొద్దుబారిన గొంతే భద్రంగా ఉంటుంది.

ఇక ఫార్మాట్ల సంగతి. ఫ్లాక్ ఒక్కటే లేదు. ఆపిల్ వారి ఏలాక్ 2004లో వచ్చింది, 2011లో దాని సోర్సు బయటపెట్టారు. అది కూడా నమ్మకమైనదే. ఐఫోన్ మ్యూజిక్ లైబ్రరీలో పాటలు పెట్టుకోవాలనే కస్టమరుకి నేను ఇచ్చేది ఏలాకే. ఫ్లాక్ నుంచి ఏలాక్‌కి మార్చినా ఏమీ పోదు, రెండూ లాస్‌లెస్సే, అంటే ఏమీ పారేయనివే కదా. మంకీస్ ఆడియో, అంటే ఏప్ ఫైళ్లు, ఫ్లాక్ కన్నా ఇంకొంచెం చిన్నగా కుదిస్తాయి. కానీ కుదించడానికి పడ్డ శ్రమే విప్పేటప్పుడూ పడాలి. ఒక నాటక సమాజం వారు తమ పద్యాలన్నీ ఏప్‌లో, అన్నిటికన్నా గట్టి స్థాయిలో చేయించుకుని రంగస్థలం దగ్గరికి పాత ల్యాప్‌టాప్ తెచ్చుకున్నారు. తెర లేచే వేళకి ప్రార్థన పద్యం ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఫ్లాక్‌లో అలా జరగదు. సున్నా స్థాయిలో కుదించినా ఎనిమిదో స్థాయిలో కుదించినా విప్పే శ్రమ దాదాపు ఒకటే. చిన్న ప్రాసెసర్‌కీ బరువు కాదు. ఐదుకీ ఎనిమిదికీ సైజులో తేడా స్వల్పం. కంప్యూటర్ రాత్రంతా ఖాళీగానే ఉంటుంది కాబట్టి నేను ఎనిమిదే వాడతాను. మీరు ఐదు వాడినా తప్పేం లేదు.

వేవ్‌ప్యాక్ మాత్రం నా బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది. డేవిడ్ బ్రయంట్ 1998 నుంచి పట్టు వదలకుండా చెక్కుతున్న ఫార్మాట్ అది. రొద తగ్గించే సాఫ్ట్‌వేర్లు లోపల 32 బిట్ ఫ్లోట్, అంటే దశాంశ అంకెలతో పనిచేస్తాయి. ఫ్లాక్ పూర్ణాంకాలే తీసుకుంటుంది. సగం పనిలో ఉన్న ఫైలుని ఫ్లోట్‌లోనే భద్రపరచాలంటే వేవ్‌ప్యాక్ పెట్టండి. పని ముగిశాక 24 బిట్‌కి దించి ఫ్లాక్ చేయండి.

షార్టెన్ గురించీ చెప్పాలి. 1990ల తొలినాళ్లలో టోనీ రాబిన్సన్ చేసిన ఫార్మాట్. అమెరికాలో కచేరీ టేపులు ఇచ్చిపుచ్చుకునే అభిమానులు ఏళ్ల తరబడి అందులోనే దాచుకున్నారు. తర్వాత అందరూ ఫ్లాక్‌కి మారిపోయారు. ఇవాళ ఆ పాత ఫైలు ఇస్తే నేరుగా తెరిచే ప్లేయర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎంత బాగా కుదించిందన్నది కాదు, ముప్ఫై ఏళ్ల తర్వాత తెరవగలమా అన్నదే నేను చూసేది. ఫ్లాక్‌ని జాష్ కోల్సన్ 2000లో మొదలుపెట్టారు, 2001 జూలైలో 1.0 వచ్చింది, 2003లో జిఫ్ సంస్థ గొడుగు కిందికి చేరింది. పేటెంట్ల పీడ లేదు, సోర్సు అందరికీ తెరిచే ఉంది. 2024 డిసెంబరులో ఆర్ఎఫ్‌సీ 9639 పేరుతో ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా కూడా వెలువడింది. రేపు ఈ సాఫ్ట్‌వేర్లన్నీ మాయమైనా ఆ పత్రం ముందు పెట్టుకుని ఓపికున్న ప్రోగ్రామర్ ఎవరైనా కొత్త డీకోడర్ రాసుకోగలరు.

నేను ఫ్లాక్ మీద ఇంత మమకారం పెంచుకోవడానికి అసలు కారణం సైజు కాదు, ఆనవాలు. ఫ్లాక్ ఫైలు మొదట్లోనే, కుదించకముందున్న శబ్దం తాలూకు ఎండీ5 అనే గుర్తు రాసి ఉంటుంది. లోపల ప్రతి ఫ్రేముకీ, అంటే ప్రతి చిన్న ముక్కకీ, విడిగా సీఆర్సీ అనే సరిచూసే అంకె ఉంటుంది. ఎప్పుడైనా టెస్ట్ ఆప్షన్‌తో నడిపితే ఫైలు మొత్తం విప్పి, ఆ గుర్తుతో సరిపోల్చి, సరిగా ఉందో లేదో చెప్పేస్తుంది. వేవ్‌లో ఈ ఏర్పాటు లేదు. డిస్కులో ఒక బిట్ తిరగబడితే వేవ్ ఫైలు ఎక్కడో చిటుక్కుమంటుంది, అది ప్లేటు మీద గీతో డిస్కు జబ్బో ఎవరికీ తెలియదు. నిజమే, దెబ్బ తగిలితే ఫ్లాక్‌లో ఒక ఫ్రేము మొత్తం పోవచ్చు. 96 కిలోహెర్ట్జ్‌లో అది సెకనులో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ. కానీ పోయిందని తెలుస్తుంది, ఎక్కడ పోయిందో తెలుస్తుంది. ఒక వేసవిలో మా డిస్కు ఒకటి ఇలాగే మౌనంగా చెడడం మొదలైంది. నెలనెలా నడిపే పరీక్షలో ఒక బుర్రకథ ఫైలు ఎండీ5 తప్పింది. ప్లే చేస్తే మామూలుగానే వినబడింది. ఇంకో ఊళ్లో ఉన్న రెండో కాపీ తెప్పించి సరిచేశాం. ఆ నెలనెలా పరీక్ష నడిపే స్క్రిప్టు రాసింది మా దగ్గర కొన్నాళ్లు పనిచేసిన ఒక కుర్రాడు. ఆ పుణ్యం అతనిది.

ఎన్‌కోడ్ చేసేటప్పుడే వెరిఫై ఆప్షన్ పెట్టండి, రాస్తూనే విప్పి చూసుకుంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎండీ5 గడిని సున్నాలతో వదిలేస్తాయి. బయటి నుంచి వచ్చిన ఫ్లాక్‌లో ముందు అది చూడండి. సున్నాలుంటే మళ్లీ ఎన్‌కోడ్ చేసుకోండి. ఆ గుర్తు శబ్దానికే గాని ట్యాగులకి కాదు. దాసుగారి పేరులో అచ్చుతప్పు దిద్దినా ఎండీ5 మారదు. ఈ సౌకర్యం విలువ, వేల ఫైళ్లలో పేర్లు దిద్దినవాళ్లకి తెలుస్తుంది.

పేర్ల మాట వచ్చింది కాబట్టి తెలుగువాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి ఇది. రేడియో సంస్థల కోసం యూరప్‌లో 1997లో రూపొందిన బ్రాడ్‌కాస్ట్ వేవ్‌లో వివరాల గడి 256 అక్షరాలే, అదీ ఆస్కీలోనే. అందులో నియమం ప్రకారం తెలుగు రాయడానికి వీల్లేదు. పాత తరహా ఎంపీ3 ట్యాగులో పేరుకి 30 బైట్లు. యూనీకోడ్‌లో మన అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ ఒక్కోదానికి మూడేసి బైట్లు పడతాయి. 'ఆదిభట్ల నారాయణదాసు' అని రాస్తే 'ఆదిభట్ల నా' దగ్గర తెగిపోతుంది. ఫ్లాక్ ట్యాగులు యూటీఎఫ్-8, నిడివికి ఇబ్బంది లేదు. కథ పేరు, రచన ఎవరిది, చెప్పింది ఎవరు, హార్మోనియం ఎవరు, మృదంగం ఎవరు, ఏ ఊరు, ఏ సందర్భం, టేపు పెట్టె మీద చేతిరాతతో ఏముంది, అన్నీ తెలుగులోనే రాయండి. పక్కవాద్యాల వారి పేర్లు తప్పకుండా రాయండి. వాళ్ల పేర్లు ఇంకెక్కడా మిగలవు. ఒక కుటుంబం తెచ్చిన డిస్కులో ట్యాగులన్నీ అర్థంలేని గుర్తుల్లా ఉన్నాయి. ఎవరో పాత డీటీపీ అలవాటు కొద్దీ యూనీకోడ్ కాని 'అను' ఫాంట్లలో కొట్టి పెట్టారు. ఆ ఫాంటు లేని చోట అవి చదవడానికి రావు. యూనీకోడ్‌లోకి మార్చి, అనుమానమున్నచోట ఆ ఇంటి పెద్దావిడని కూర్చోబెట్టుకుని ఒక్కో పేరూ అడిగి సరిచేశాం. బ్రాడ్‌కాస్ట్ వేవ్ నుంచి ఫ్లాక్ చేస్తున్నప్పుడు కీప్ ఫారిన్ మెటాడేటా అనే ఆప్షన్ మరిచిపోకండి. అది పెట్టకపోతే రికార్డరు రాసుకున్న పాత వివరాలు రాలిపోతాయి.

పేరుకి ఫ్లాక్, లోపల ఎంపీ3 అయిన ఫైళ్లు ఈ వృత్తిలో నన్ను ఎక్కువ బాధపెట్టేవి. ఒక హరిదాసుగారి పిల్లలు తండ్రి క్యాసెట్లన్నీ ఎవరికో ఇచ్చి డిజిటల్ చేయించుకున్నారు. ఫ్లాక్ ఇచ్చారు, పని అయిపోయిందని క్యాసెట్లు పారేశారు. శుభ్రం చేయమని నా దగ్గరికి తెచ్చారు. శబ్దంలోని పౌనఃపున్యాలను బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రాం తెరిస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు పైనంతా ఖాళీ. క్యాసెట్‌లో గొంతు అంత పైకి పోకపోవచ్చు. కానీ హిస్ పోతుంది. టేపు హిస్ ఒక గీత దగ్గర ఠక్కున ఆగడానికి ఏ కారణమూ లేదు. ఎంపీ3గా చేసి, దాన్నే ఫ్లాక్ పెట్టెలో పెట్టి ఇచ్చారు. పోయింది పోయినట్టే. బయటి నుంచి ఏ ఫ్లాక్ వచ్చినా ముందు స్పెక్ట్రోగ్రాం చూడండి. అలాగే 16 బిట్ల ఫైలుని ఊరికే 24కి సాగదీసి ఇస్తుంటారు. అడుగు ఎనిమిది బిట్లూ సున్నాలే అయితే ఫ్లాక్ కనిపెట్టి వాటిని దాచనే దాచదు, ఫైలు అనుమానం వచ్చేంత చిన్నదవుతుంది.

మాస్టర్ మీద రొద తగ్గించే ప్రయోగాలు చేయకండి. టేపు ఎలా పలికిందో అలాగే ఫ్లాక్ చేసి పక్కన పెట్టి, ప్రయోగాలన్నీ దాని కాపీ మీద చేయండి. ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ హిస్‌తో పాటు తంబూరా నాదాన్నీ కొంత తుడిచేస్తుంది. పదేళ్ల తర్వాత ఇంతకంటే మంచిది వస్తుంది. అప్పుడు దానికి ఇవ్వడానికి మన దగ్గర అసలు సరుకు ఉండాలి.

మీ ఇంట్లో అటక మీద క్యాసెట్లో స్పూళ్లో ఉంటే ఎండా తేమా తగలనివ్వకండి. ఎవరికైనా ఇచ్చి చేయించేటప్పుడు మూడు మాటలు కచ్చితంగా అడగండి: 24 బిట్, కనీసం 48 కిలోహెర్ట్జ్‌లో నేరుగా టేపు నుంచే తీస్తారా, రొద తగ్గించని మాస్టర్ ఫ్లాక్‌గా ఇస్తారా, టేపులు తిరిగి ఇస్తారా అని. పని పూర్తయ్యాక రెండు కాపీలు రెండు ఇళ్లలో పెట్టండి. టేపుల్ని మాత్రం పారేయకండి.